పెళ్లిళ్ల హాలులో కాపురం

మా నాన్న సీతాఫల్‌మండిలో ఒక ఫంక్షన్ హాల్ కట్టించి పోయాడు. సందులో ఇంకో సందు, ఆ సందు చివర మూడంతస్తుల బిల్డింగు. ఆయన కట్టించిన రోజుల్లో జనం పెళ్లికి బస్సు దిగి నడిచి వచ్చేవాళ్లు, మహా అయితే స్కూటర్ మీద వచ్చేవాళ్లు. తరవాత అందరికీ కార్లు వచ్చాయి. హాలు చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మం దాటకముందే పార్కింగ్ ఎక్కడ అనేవాళ్లు. మా అన్నయ్య సందు వైపు చెయ్యి ఊపి, ఇదంతా పార్కింగేనని చెప్పేవాడు. ఆ సంగతి సందులో వాళ్లకు మాత్రం తెలిసేది కాదు. ప్రతి పెళ్లికీ తలంబ్రాల వేళకు బయట ఒక గొడవ జరిగేది. ఊరి బయట ఎకరాల లెక్కన గార్డెన్లు వచ్చాక ఆ గొడవలు కూడా లేకుండా పోయాయి. హాలుకు తాళం పడింది.

ఒక మాట ముందే చెప్పేస్తాను, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. నాకు పెళ్లి కాలేదు. వందల పెళ్లిళ్లు జరిపించిన ఇంట్లో ఒకడు మిగిలిపోవడం మా చుట్టాలకు మహా వింతగా ఉంటుంది. నాకు అందులో నవ్వొచ్చే సంగతేమీ కనబడదు. బడిలో డ్రాయింగ్ మాస్టర్‌గా పని చేసి రిటైరయ్యాను, కార్ఖానాలో కిరాయి గదిలో ఉండేవాణ్ని. ఆ ఇల్లు పడగొడుతున్నాం, ఖాళీ చేయమని ఓనరు చెప్పిన వారమే మా అన్నయ్యకు జ్ఞానోదయం అయింది.

"ఒకదిక్కు బిల్డింగులు ఖాళీగ పడి ఉన్నయి, ఇంకోదిక్కు జనం ఇండ్లు దొరక్క తిరుగుతున్నరు. మన హాల్‌ను ఆరు పోర్షన్లు చేద్దాం" అన్నాడు, ఈ సంగతి సికింద్రాబాద్‌లో తనకొక్కడికే తట్టినట్టు. ఒకటి నాకు, మిగతావి కిరాయికి. ఆయన బేగంపేటలో ఫ్లాట్‌లో కూచుని ఫోన్‌లో పని చేయించాలి, నేను ఇక్కడ దుమ్ములో నిలబడి చేయించాలి. పనులు మేం పంచుకోవడం చిన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి.

నేను సామాను తెచ్చుకుని పెళ్లికూతురి గదిలో దిగాను. ఆ గదికి మూడు గోడల నిండా అద్దాలు. పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే ఎటు తిరిగినా నేనే. ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, బట్టతల పైనుంచి కూడా. మనిషి తనను తాను అంతగా చూసుకోకూడదు. రెండో రోజే అద్దాల మీద పాత దుప్పట్లు కప్పాను.

ఈ బిల్డింగు ఖాళీగా ఉందని మేం అందరికీ చెప్పుకునేవాళ్లం గానీ అందులో ఒక మనిషి ఉంది. మా నాన్న పెట్టిన వాచ్‌మన్ భార్య. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఆ తరవాత ఆ పని ఆమె చేతికే వచ్చింది, ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. మెట్ల కింద గదిలో ఉండేది. పెళ్లిళ్లు నడిచినన్నాళ్లు స్టేజీ మీద అక్షింతలు ఊడ్చింది, పెళ్లిళ్లు ఆగాక దుమ్ము ఊడ్చింది. తాగడానికి చోటు వెతుక్కుంటూ గోడ దూకి వచ్చేవాళ్లను చీపురుతోనే పంపించింది. సందంతా ఆమెను వాచ్‌మన్ అమ్మ అనేది, మేమూ అంతే. ఒక్కతే కూతురు, ఉప్పల్ అవతల ఒక్క గదిలో అత్తామామలతో సహా ఆరుగురు.

మేస్త్రీ కొలతలు తీసిన మొదటి రోజే అన్నయ్య ఫోన్ చేశాడు. "ఆరు పోర్షన్లకు ఆరు మీటర్లు గావాలె. మెట్ల కింద గదిని మీటర్ రూమ్ చేద్దాం."

"మరి ఆమె?" అన్నాను.

"కిరాయికున్నోళ్ల ఇండ్లు వాళ్లే చూసుకుంటరు, వాచ్‌మన్‌తోని పనేమున్నది? నువ్వు చెప్పు. టీచర్‌వి, నెమ్మదిగ చెప్తవ్."

నేను జన్మలో ఏ మాటా నెమ్మదిగా చెప్పలేదు. నా క్లాసులో పిల్లలు పెన్సిల్ చెక్కాలన్నా భయపడేవాళ్లు. అయితే ఒక సంగతి నాకు బాగా తెలుసు. అరవడం వేరు, చెప్పడం వేరు. అరవమంటే ఎంతసేపైనా అరుస్తాను. ఎదుటి మనిషి గుండెలో రాయి పడే మాట చెప్పాల్సి వస్తే నాకు నోరు పెగలదు.

అయినా మర్నాడే చెబుదామని వెళ్లాను. వాక్యం తయారు చేసుకుని, మెట్లు దిగుతూ రెండుసార్లు అనుకుని మరీ వెళ్లాను. ఆమె భోజనాల హాలులో మేస్త్రీతో తగువులాడుతోంది.

"అగో సార్, మంచిగ వచ్చిండ్రు. జెర ఈ టేపు పట్టుకోండ్రి" అని టేపు కొస నా చేతిలో పెట్టింది. పట్టుకున్నాను.

"గీ గోడ ముట్టకు మేస్త్రీ. దీని ఎన్కనే పైపున్నది. గప్పుడొక పెండ్లిల పలిగితే సాంబారు గిన్నెలల్ల నీళ్లు పడ్డయి."

"నాకు తెల్వదా అమ్మా? ఇరవై ఏండ్లసంది ఇదే పని చేస్తున్న" అని మేస్త్రీ సుత్తి ఎత్తాడు.

మూడో దెబ్బకు పైపు పగిలింది. నీళ్లు నేరుగా నా చొక్కా మీదికి వచ్చాయి. ఆమె వెళ్లి మోటర్ కట్టేసి వచ్చి నాకు తువ్వాలు ఇచ్చింది. తడి బట్టలతో నిలబడి, తువ్వాలు ఇచ్చిన మనిషికి ఇల్లు ఖాళీ చెయ్యమని ఎవడు చెప్పగలడు? ఆరోజు నుంచి మేస్త్రీ ఏ గోడ ముట్టాలన్నా ముందు ఆమెను పిలిచి అడిగేవాడు. ఏ కిటికీలో ఎండ ఎప్పుడు పడుతుందో, వాన వస్తే ఏ మూల కారుతుందో, ఏ తలుపు శ్రావణంలో ఉబ్బుతుందో ఆమెకు తెలుసు. బిల్డింగు మాదే గానీ మాకు తెలిసిందల్లా దాని పన్ను రసీదు.

రెండోసారి వెళ్లినప్పుడు స్టేజీ పని నడుస్తోంది. స్టేజీ రెండున్నర అడుగుల ఎత్తు, మొత్తం కాంక్రీటు. మా నాన్నకు పెళ్లికొడుకుల బరువు మీద ఏం అనుమానం ఉండేదో. మేస్త్రీ మూడు రోజులు కొట్టాడు, ఉలి విరిగింది, స్టేజీ విరగలేదు. చివరికి దాన్ని అలాగే ఉంచి గోడలు లేపాం. దాంతో ఆ పోర్షన్‌లో పడక గది మూడు మెట్ల మీద తయారయింది. ఎలా ఉందో చూద్దామని నేను మంచం వేసుకుని పడుకున్నాను. కింద ముందుగదిలో మేస్త్రీ, కూలీలు కుర్చీల్లో కూచుని నన్ను చూస్తున్నారు. లేచి వచ్చి అక్షింతలు వేస్తారేమోనని భయమేసి దిగిపోయాను.

దిగి ఆమె కోసం చూస్తే, పంచె కట్టుకున్న ఒక ముసలాయన చేతిలో గిఫ్టు ప్యాకెట్‌తో సిమెంటు బస్తాల మధ్య కుర్చీ వేసుకుని కూచుని ఉన్నాడు. వరంగల్ దిక్కు నుంచి పెళ్లికి వచ్చాడట. వాళ్లింటి పెళ్లిళ్లన్నీ ఇక్కడే జరిగేవి, అందుకని కార్డు చూడకుండా అలవాటు కొద్దీ స్టేషన్‌లో దిగి నేరుగా వచ్చేశాడు. "ఇంక మేళం రాలేదా?" అని నన్ను అడిగాడు. నేను ఏదో ఒకటి అనబోయేంతలో వాచ్‌మన్ అమ్మ ఆయన ముందు అన్నం పళ్లెం పెట్టింది.

"పెండ్లికొచ్చిన మనిషిని తినకుంట పంపుతమా సార్" అంది. ఆయన పప్పూ తొక్కూ కలుపుకుని తృప్తిగా తిన్నాడు. కార్డు మీద అడ్రసు నాతో చదివించి, ఆమే ఆటో ఎక్కించింది. వెళ్తూ ఆయన గడపకు దండం పెట్టి, హాలు చల్లగా ఉండాలని దీవించాడు. ఆమె తన అన్నమే ఆయనకు పెట్టేసిందని సాయంత్రం తెలిసింది. ఆ రోజు కూడా నేను చెప్పలేదు.

ఈలోపు అన్నయ్య రోజూ ఫోన్.

"చెప్పినవా?"

"చెప్పిన" అన్నాను ఒకరోజు విసుగొచ్చి.

"ఏమన్నది?"

"ఏమంటది, సరేనన్నది."

అబద్ధం చెప్పాక దాన్ని నిజం చెయ్యడమే మిగిలింది. నోటితో కాదు గనక చేత్తో పని కానిద్దామని, మంచి తెల్ల కాగితం తీసుకుని "గృహప్రవేశం తరువాత మెట్ల కింద గది ఖాళీ చేయవలసిందిగా కోరుతున్నాము" అని రాశాను. డ్రాయింగ్ మాస్టర్ చేతిరాత కదా, ముత్యాల్లా వచ్చింది. కింద గీత కూడా గీశాను. తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"మస్తు రాసిండ్రు సార్. ఏముందో జెర సదువుండ్రి, నాకు సదువు రాదు."

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. కాగితం తీసుకున్నాను. కళ్లజోడు సర్దుకున్నాను. "మేడ మీద నీళ్ల ట్యాంకు వారానికొకసారి కడగవలెను" అని చదివాను.

"గింతేనా? గీ ముచ్చటకు కాయితమెందుకు?" అని ఆమె దాన్ని మడిచి రొంటిన దోపుకుంది. ఆరోజే ట్యాంకు కడిగింది. మళ్లీ వారం మళ్లీ కడిగింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి నిచ్చెనెక్కి ట్యాంకులోకి దిగుతుంటే కింద నిలబడి చూశాను. నా మీద నాకే అసహ్యమేసింది.

స్టేజీ పోర్షన్ ముందుగా పూర్తయింది. శ్రావణంలో ఒక గురువారం పొద్దున ఏడున్నరకు ముహూర్తం పెట్టించారు. మా వైపు గృహప్రవేశంలో పాలు పొంగించేది ఇంటి ఆడబిడ్డ. మాకు అక్కచెల్లెళ్లు లేరు, అందుకని అన్నయ్య కూతురితో పొంగించాలని వదిన నిర్ణయించింది. వదిన ఇలాంటి విషయాల్లో చాలా గట్టి మనిషి. మంగళవారం నాడు ఆమె ఇంట్లో కొత్త సబ్బు కూడా విప్పరు.

ముందురోజు రాత్రంతా వాన పడింది. ఏడింటికి అయ్యగారు స్కూటర్ మీద వచ్చారు. వాచ్‌మన్ అమ్మ అప్పటికే గడప కడిగి, పసుపు రాసి, ముగ్గు వేసి పెట్టింది. ఏడుంబావుకు అన్నయ్య ఫోన్ చేశాడు.

"రైలు బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినయిరా. మా ముంగట లారీ ఆగిపోయింది. ముంగటికి పోలేం, ఎన్కకు రాలేం."

వదిన ఫోన్ లాక్కుంది. "ముహూర్తం దాటనియ్యకు. ఎవరో ఒకరితోని పాలు పొంగిచ్చు."

అయ్యగారు గడియారం చూసుకుంటున్నారు. ఎనిమిదిన్నరకు కార్ఖానాలో ఆయనకు ఇంకో గృహప్రవేశం ఉంది. "ఆడబిడ్డ ఎక్కడ?" అన్నారు. అక్కడ ఉన్నది నేను, మేస్త్రీ, ఇద్దరు కూలీలు, గుమ్మం దగ్గర వాచ్‌మన్ అమ్మ.

"నువ్వు రా" అన్నాను ఆమెను.

"నేనా? వద్దు సార్. బొట్టు లేనిదాన్ని. నేను ముట్టుకుంటే మీ ఇంటికి మంచిగాదు."

నాకు నిజంగా కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలియదు, అరిచింది మాత్రం ఆమె మీదే. ఈ నేల నువ్వు కడిగిందే, ఈ గోడలు నువ్వు చెప్పిన చోట లేచినవే, ట్యాంకులో నీళ్లు నువ్వు పట్టినవే, ఈ ఇంట్లో నువ్వు ముట్టనిది ఒక్క పాలగిన్నే మిగిలింది, అదీ ముట్టుకో అని కేకలేశాను. మేస్త్రీ తలపాగా తీసేశాడు, ఎందుకో.

"ఆడబిడ్డకు ఆ పట్టింపులేం లేవమ్మా, కానియ్యి" అన్నారు అయ్యగారు. ఆయన గొప్ప సంస్కర్తేం కాదు, కార్ఖానా వెళ్లాలి.

"నేను ఆడబిడ్డనెట్లయిత అయ్యగారూ?"

"ఈ ఇంట్ల ఎన్ని ఏండ్ల సంది ఉంటున్నవ్?"

"ఇరవై రెండేండ్లు."

"ఇగ అడుగుతవేందమ్మా. పొయ్యి ముట్టియ్యి."

ముట్టించింది. పాలు పెట్టింది. అసలు తంటా అప్పుడు మొదలయింది. ఆమె బతుకులో ఎన్నడూ పాలు పొంగనిచ్చిన మనిషి కాదు. పాలు అంచుకు రాగానే ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి స్టవ్వు తగ్గించేసింది. "తగ్గించకు" అన్నారు అయ్యగారు. మళ్లీ పెంచింది. పాలు మళ్లీ లేచాయి. ఈసారి నోటితో ఉఫ్‌మని ఊదింది. "ఊదకు" అన్నాం అందరం. మూడోసారి తన చేయిని తానే ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది. పాలు తూర్పు వైపుకు పొంగి, స్టవ్వు మీది నుంచి గట్టు మీదికి కారాయి. వెంటనే గుడ్డ అందుకుంది.

"తుడవకమ్మా."

"పాలు గద అయ్యగారూ" అంది, ప్రాణం పోతున్నట్టు.

గంట తరవాత వదిన వాళ్లు మోకాళ్లదాకా తడిసి వచ్చారు. వదిన నేరుగా వంటగదిలోకి వెళ్లి గట్టు చూసి, ఎవరు పొంగించారని అడిగింది. వాచ్‌మన్ అమ్మ మెట్ల కిందికి వెళ్లిపోయింది. మేస్త్రీ నా వైపు చూశాడు.

"మీరే అన్నరు గద వదినా, ఎవరో ఒకరితోని..."

"ఎవరో ఒకరంటే గీమెనా?"

"ఆమె ఎట్లాగూ పోయేటామె" అన్నాడు అన్నయ్య, సర్దుబాటు చేస్తున్నాననుకుని.

"గిప్పుడెట్ల పోతది? పాలు పొంగిచ్చినోళ్లే మూడు నిద్రలు చెయ్యాలె. ఇల్లంటే తమాషానా?" అంది వదిన. కూతురికని తెచ్చిన చీర తీసుకెళ్లి ఆమెకే ఇచ్చింది. ముఖం మాత్రం చీర ఇస్తున్నట్టు లేదు. కొత్తింట్లో నిద్ర చెయ్యడానికని నేను సర్దుకున్న పరుపు చుట్టుకుని మళ్లీ అద్దాల గదికి పోయాను.

ఆమె స్టేజీ పోర్షన్‌లో నిద్ర చేసిన ఆ మూడు రోజులూ అన్నయ్య ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున కిరాయికి వచ్చేవాళ్లు చూడ్డానికి వస్తున్నారట. అప్పటికి ఆమె వెళ్లిపోతుంది కదా అని ఒకటే ప్రశ్న. నేను ఊ కొట్టాను. ఈసారి చెప్పి తీరాలి. రాత్రి వాక్యం తయారు చేసుకున్నాను కూడా.

నాలుగో రోజు నేను కిందికి దిగేసరికి ఆమె కొత్త చీర కట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. పక్కన రెండు సంచులు, ఒక రేకు పెట్టె. మెట్ల కింద గది ఊడ్చేసి ఉంది. స్టేజీ పోర్షన్ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"మూడు నిద్రలయినయి సార్. మా బిడ్డ తాన్కి పోతా."

అప్పుడే అన్నయ్యా వదినా లోపలికి వస్తున్నారు. నేను వాళ్లను చూడలేదు. "పొమ్మని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను.

"మీరే. కాయితం ఇచ్చిండ్రు గద. గా దినమే మేస్త్రీతోని సదివిపిచ్చిన."

"మరి ట్యాంకు ఎందుకు కడిగినవ్, ప్రతి వారం?"

"గది సుత మీరు సదివిందే గద సార్. రెండూ మీరు చెప్పినయే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది, నేను అరిచి తప్పించుకునేవాణ్ని. అన్నీ తెలిసి గోడల సంగతి చెప్పింది, అన్నీ తెలిసి గడపకు పసుపు రాసింది, తను వెళ్లిపోవాల్సిన ఇంటికి పాలు పొంగించింది. ముప్పై ఏళ్లు పిల్లలకు గీతలు దిద్దిన మాస్టర్‌ని, సిగ్గుతో తల ఎత్తలేక నిలబడ్డాను. "నేను చెప్పలేకపోయిన" అన్నాను చివరికి. అది ఒక్కటే నేను ఆమెకు చెప్పిన నిజం.

"చెప్పిన అన్నవ్ గదరా?" అన్నాడు వెనక నుంచి అన్నయ్య.

వదిన వచ్చి నా చేతిలోంచి తాళంచెవి తీసుకుంది. "బిడ్డ తాన అంటే, గా ఒక్క గదిలనా?" అని ఆమెను అడిగింది. ఆమె తల ఊపింది. వదిన అన్నయ్య వైపు తిరిగింది.

"పాలు పొంగిచ్చిన ఆడబిడ్డను నాలుగో దినం సంచులిచ్చి తోలుతరా ఎవరన్న? రేపు ఈ ఇంట్ల ఎవరికి జరమొచ్చినా నా మీదనే పడ్తది."

"మరి కిరాయోళ్లకు ఏం చూపియ్యాలె?"

"ఇంకా నాలుగున్నయి, చూపియ్యి."

అది భయమో దయో నేను ఇప్పటికీ అడగలేదు. వదిన కూడా చెప్పే మనిషి కాదు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "స్టేజీ మీద మంచం తూర్పుకు వేసుకో. ట్యాంకు మాత్రం ఇగ మేస్త్రీ మనుషులు కడుగుతరు" అంది.

సామాను మేమే మోశాం. అన్నయ్యకు ఒక సంచి, వదినకు ఒక సంచి, నాకు రేకు పెట్టె. ఆమె ముందు నడిచి తాళం తీసి, లోపలికి వెళ్లి, తలుపు వెనక చెయ్యి పెట్టి తడిమి చూసింది.

"మెట్ల కింద గదికి లోపట గడియ లేదమ్మా" అంది వదినతో. "సామాన్ల గది గద, బయట గొళ్లెమే. ఇన్నేండ్లు ఈ పెట్టె తలుపుకు అడ్డం పెట్టుకొని పండిన."

"ఈ మూడు దినాలు ఇక్కడ గడియ ఉండె గద?" అన్నాను.

"మీ ఇంట్ల నేనెట్ల గడియ పెట్టుకుంట సార్?"

ఆ మాట అని తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. అన్నయ్య ఒక నిమిషం చూసి తలుపు మీద వేలితో కొట్టాడు.

"సామాను లోపట పెట్టాలె అమ్మా."

"జెర ఆగండ్రి సార్" అంది లోపలి నుంచి.

మేం ముగ్గురం సామాను పట్టుకుని, ఆమె తీసేదాకా బయటే నిలబడ్డాం.